విన్నమాట, సొంతమాట: వాదానికి ముందు అడగవలసిన ప్రశ్న

  



కొంతకాలం క్రితం మా బస్తీ మసీదు వాట్సాప్ గ్రూపులో ఇషా నమాజు తరువాత ఒక సందేశం వచ్చింది. ప్రభుత్వాన్ని విమర్శించే రాతగానీ బొమ్మగానీ ఎవరు పంపినా, పంపినవానితోపాటు గ్రూపు అడ్మిన్‌కు కూడా ఐ.టి. చట్టం 66ఎ సెక్షన్ కింద మూడేళ్ల జైలుశిక్ష పడుతుందని అందులో ఉంది. వెంటనే వాదం మొదలైంది. అన్యాయాన్ని చూసి నోరు మెదపనివాడు విశ్వాసి ఎలా అవుతాడని ఒకరు నిలదీశారు. దేశ చట్టానికి లోబడి ఉండటం మన ధర్మమని మరొకరు బదులిచ్చారు. ఈ ఫోన్లే పెద్ద ఫిత్నా అని ఇంకొకరు తీర్పు చెప్పారు, ఆ తీర్పు కూడా ఫోనులోనే రాశారు. అర్ధరాత్రి దాటేసరికి ఒకరి తండ్రి ప్రస్తావన, మరొకరి అప్పుల సంగతి కూడా ఆ రాతల్లోకి వచ్చిపడ్డాయి. ఫజ్ర్ నమాజులో ఒకే సఫ్‌లో నిలబడిన ఇద్దరు బయటికి వెళ్తూ సలాం చెప్పుకోలేదు. అడ్మిన్ చిన్న కిరాణా కొట్టు నడుపుకునే మనిషి. భయపడి ఆ ఉదయమే గ్రూపును మూసివేశారు.

ఆ వారంలోనే మా వీధిలో ఒక వృద్ధురాలు మరణించారు. జనాజా కబుర్లు మాకు ఆ గ్రూపులోనే తెలిసేవి. కబురు అందక, ఆమె చేతి అన్నం తిని పెరిగినవారే కొందరు జనాజా నమాజుకు రాలేకపోయారు.

ఆ రాత్రి వాదించినవారిలో ఒక్కరూ ఆ సెక్షన్ చదవలేదు. చదవడానికి ప్రయత్నించి ఉంటే, అది 2015లోనే కొట్టివేయబడిందని తెలిసేది. చదవనివారిలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ వారం ఆ చట్టం సంగతి, దానితోపాటు వాదం చేసే పద్ధతి సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

సమాచార సాంకేతిక చట్టం మన దేశంలో 2000లో వచ్చింది. 66ఎ సెక్షన్ మొదట అందులో లేదు. 2008 నాటి సవరణ ద్వారా చేరి, 2009 అక్టోబర్ 27 నుంచి అమలులోకి వచ్చింది. కంప్యూటర్ ద్వారాగానీ ఫోను ద్వారాగానీ తీవ్ర అభ్యంతరకరమైన సమాచారం పంపినా, అబద్ధమని తెలిసీ ఎదుటివారికి విసుగో అసౌకర్యమో కలిగించాలని పదేపదే పంపినా అది నేరమేనని, మూడేళ్ల వరకు శిక్ష వేయవచ్చునని ఆ సెక్షన్ చెప్పింది. ఇందులోని పదాలను గమనించండి. విసుగు అంటే ఎంత? అసౌకర్యం అంటే ఎవరికి? ఒకరికి నవ్వు తెప్పించే మాట మరొకరికి విసుగు తెప్పిస్తుంది. ఏది నేరమో ఏది కాదో రాసేవానికి ముందుగా తెలియదు. ఫిర్యాదు అందుకున్న అధికారికి ఆ పూట ఎలా తోస్తే అలా అవుతుంది.

2012 నవంబర్‌లో ముంబయిలో ఒక ప్రముఖ రాజకీయ నాయకుడు మరణించినప్పుడు నగరం స్తంభించిపోయింది. ఆ బంద్‌ను ప్రశ్నిస్తూ దగ్గరలోని పాల్‌ఘర్ పట్టణంలో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రెండు మాటలు రాసింది. మరొక యువతి దానికి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. దేశమంతా ఆశ్చర్యపోయిన ఆ సంఘటన తరువాత శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2015 మార్చి 24న తీర్పు వచ్చింది. ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు. ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, మరొకరు తీర్పు రాసిన జస్టిస్ రోహింటన్ నారీమన్. రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంటూ వారు 66ఎ సెక్షన్‌ను పూర్తిగా కొట్టివేశారు.

ఆ తీర్పులో మనకు పనికివచ్చే ఒక విభజన ఉంది. మాటకు మూడు మెట్లు ఉంటాయి. ఒక విషయాన్ని చర్చించడం మొదటిది. ఒక పక్షం వహించి గట్టిగా వాదించడం రెండవది. హింసకో అల్లరికో జనాన్ని ఉసిగొల్పడం మూడవది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా, ఎందరికి నచ్చకపోయినా స్వేచ్ఛ పరిధిలోనివే. మూడవ మెట్టు దగ్గరకు వచ్చినప్పుడే చట్టం చేయి చాపవచ్చు. 66ఎ సెక్షన్ ఈ మూడింటికీ తేడా చూడకుండా అన్నింటినీ ఒకే వలలో వేసింది. అదే దాని దోషం.

కానీ కొట్టివేసిన చట్టం జనం నోళ్లలోనూ, పోలీసు కాగితాల్లోనూ బతికే ఉంది. తీర్పు ప్రతులు అన్ని హైకోర్టులకూ, రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకూ అందేలా చూడమని 2019లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది. అయినా కేసులు ఆగలేదని 2021లో ఒక పౌరహక్కుల సంఘం కోర్టుకు విన్నవించుకున్నప్పుడు న్యాయమూర్తులు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. చివరకు 2022 అక్టోబర్ 12న, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని, పెండింగు కేసుల్లో దాని ప్రస్తావనను తొలగించాలని ఆదేశించారు. కొట్టివేసిన ఏడేళ్లకు! చదువుకున్న అధికారుల సంగతే ఇలా ఉంటే మా గ్రూపులో ఎవరో పంపిన కబురు చూసి కిరాణా కొట్టు సోదరుడు భయపడ్డాడని తప్పుపట్టలేం.

దీని అర్థం ఏది రాసినా చెల్లుతుందని కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడాన్ని 196వ సెక్షన్, మతవిశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడాన్ని 299వ సెక్షన్ నేరాలుగా చూస్తున్నాయి. ఫోనులో రాసిన రాతకూ అవి వర్తిస్తాయి. ఇక అడ్మిన్ విషయం: సభ్యుడు రాసిన తప్పుడు రాతకు కేవలం అడ్మిన్ అయినందువల్ల ఆయన నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లోనూ, కేరళ హైకోర్టు 2022లోనూ చెప్పాయి.

సోదరులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన మనస్సును మనమే పరీక్షించుకోవాలి. మనల్ని ఎవరైనా నొప్పించినప్పుడు, ఇలాంటి రాతలకు కఠినమైన చట్టం ఉండాలని మనలో చాలామంది కోరుకుంటాం. ఆ బాధ న్యాయమైనదే కావచ్చు. అయితే హద్దులేని పదాలతో రాసిన చట్టం బలవంతుని చేతిలో ఆయుధమవుతుందని, చివరకు అది లైక్ కొట్టిన ఒక సామాన్య యువతి ఇంటి తలుపు తడుతుందని పాల్‌ఘర్ చూపించింది. ఇతరుల కోసం కోరుకున్న ఉచ్చులో తన కాలే చిక్కుకోవచ్చునన్న జాగ్రత్త విశ్వాసికి ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా గ్రూపులో ఆ రాత్రి జరిగినదానిలో పోలీసులు పట్టించుకోదగిన నేరం ఏదీ లేదు. ఎవరూ ఎవరినీ హింసకు ఉసిగొల్పలేదు. కోర్టు చెప్పిన మూడు మెట్లలో మేము రెండవదాన్ని దాటలేదు. అయినా ఇద్దరు సోదరుల మధ్య సలాం తెగిపోయింది, ఒక తల్లి జనాజాకు రావలసినవారు రాలేదు. విసుగునూ అవమానాన్నీ చట్టం తన చేతిలోంచి వదిలేసింది. సరిగానే వదిలేసింది. కానీ అవి ఎవరి లెక్కలోనూ లేకుండా పోలేదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 11, 12 ఆయతులు ఎగతాళిని, వంకర పేర్లతో పిలవడాన్ని, దురనుమానాన్ని, ఇతరుల గుట్టు వెతకడాన్ని, గీబత్‌ను వారిస్తాయి. వీటిలో చాలావాటికి ఏ కోర్టులోనూ శిక్ష లేదు. అందుకే వీటి భారం మొత్తం మన మీదే పడుతుంది.

ఆ భారాన్ని మోయడానికి మన పూర్వ పండితులు ఒక శాస్త్రాన్నే నిర్మించారు. దాని పేరు ఆదాబుల్ బహస్, అంటే వాదమర్యాదల శాస్త్రం. ఇల్మె మునాజరా అని కూడా అంటారు. 13వ శతాబ్దం చివర షమ్సుద్దీన్ సమర్‌ఖందీ దీనికి ప్రత్యేక గ్రంథం రాశారు. మన దేశంలో 17వ శతాబ్దానికి చెందిన జౌన్‌పూర్ పండితుడు మౌలానా అబ్దుర్ రషీద్ రాసిన రషీదియా, దర్సె నిజామీ పాఠ్యక్రమంలో తరతరాలుగా బోధించబడింది. మన మద్రసాలలో చదువుకున్న వృద్ధ ఆలిములను అడిగి చూడండి, ఆ పేరు వినగానే వారి ముఖంలో ఒక చిరునవ్వు కనిపిస్తుంది. అది అంత తేలికైన పుస్తకం కాదు!

ఈ శాస్త్రం మొదటే ఒక గీత గీస్తుంది. సత్యం బయటపడాలని ఇద్దరు చేసేది మునాజరా. ఎదుటివాడిని ఓడించాలని చేసేది ముజాదలా. సత్యమూ అక్కరలేక, వాదనా లేక, ఊరికే మొండిపట్టుతో తన గొప్ప నిలుపుకోవడానికి చేసేది ముకాబరా. వీటిలో మొదటిదానికే శాస్త్రమనే గౌరవం. రాత్రి పదకొండు గంటలకు గ్రూపులో నడిచేది ఈ మూడింటిలో ఏదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఎదుటివాని సమాధానం పూర్తిగా చదవకముందే మన వేళ్లు కదులుతున్నాయంటే అది మునాజరా కాదు.

రెండవ గీత ఇంకా లోతైనది. నా దృష్టిలో ఈ శాస్త్రంలో నేటి కాలానికి అన్నింటికన్నా అవసరమైనది ఇదే. ఒక మనిషి ఒక మాట అన్నప్పుడు అతడు రెండు స్థానాలలో ఏదో ఒక దానిలో ఉంటాడు. ఇతరులు చెప్పినదాన్ని చేరవేస్తున్నట్లయితే అతడు నాఖిల్. అతని మాట నఖ్ల్, అంటే విన్నమాట. తానే ఒక విషయాన్ని నిలబెడుతున్నట్లయితే అతడు ముద్దయీ. అతని మాట దావా, అంటే సొంతమాట. ఇద్దరినీ అడగవలసిన ప్రశ్నలు వేరు. నాఖిల్‌ను వాదనలు అడగకూడదు. ఈ మాట ఎక్కడిది, ఎవరు చెప్పారు, ఉన్నది ఉన్నట్లే తెచ్చావా అని మాత్రమే అడగాలి. దీన్నే తస్‌హీహె నఖ్ల్ అంటారు. ముద్దయీని మాత్రం ఆధారం అడగాలి, దలీల్ చూపమనాలి. తాను కేవలం చేరవేస్తున్న మాటకు నాఖిల్ వాదిగా నిలబడనక్కరలేదు. కానీ మూలం చూపే బాధ్యత నుంచి అతడు తప్పించుకోలేడు.

మా గ్రూపులో ఏం జరిగిందో ఈ వెలుగులో చూడండి. మొదట వచ్చింది నఖ్ల్. ఆ సందేశం మీద ఫార్వర్డెడ్ అనే ముద్ర కూడా ఉంది. 2018 జూలైలో వాట్సాప్ ఆ ముద్రను తెచ్చింది. పంపినవాడు ఆ మాట సొంతదారు కాడని చెప్పడమే దాని పని. పదేపదే చేతులు మారిన సందేశానికి రెండు బాణాల గుర్తు పడుతుంది. మన పండితులు శతాబ్దాల క్రితం గీసిన గీతను ఒక యంత్రం తన పద్ధతిలో గీసి చూపుతోంది. మేము మాత్రం దాన్ని చూడలేదు. సెక్షన్ ఎక్కడ ఉంది, ఏ తేదీది, ఎవరి ద్వారా వచ్చింది అని అడగవలసిన చోట భయం, విధేయత, ధైర్యం, ఫిత్నా అంటూ ఒక్కొక్కరం ఒక్కో దావా లేవదీశాం. ఒక్క దావాకూ దలీల్ లేదు. పునాది ఉందో లేదో చూడకుండా నాలుగు అంతస్తులు కట్టి, ఏ అంతస్తు ఎవరిదని కొట్లాడుకున్నాం.

ఇమామ్ ముస్లిం (రహ్మలై) తన సహీహ్‌కు రాసిన పీఠికలోనే, విన్నదల్లా చెప్పుకుంటూ పోవడం కూడా అబద్ధపు కోవలోకి వస్తుందని హెచ్చరించే హదీసును చేర్చారు. హదీసులు ప్రారంభించకముందే, గడప దగ్గరే! చేరవేసేవారిని పరీక్షించడమే తమ జీవితంగా చేసుకున్న మనుషులు వారు.

అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు కబురును నిర్ధారించుకోమని ఆదేశిస్తుంది. దాని నేపథ్యాన్ని వ్యాఖ్యాతలు ఇలా వివరిస్తారు: ఒక తెగ వద్దకు జకాత్ వసూలుకు వెళ్లిన వ్యక్తి తిరిగివచ్చి, వారు జకాత్ ఇవ్వడానికి నిరాకరించారని, తన ప్రాణానికే ముప్పు వచ్చిందని చెప్పాడు. మదీనాలో ఆగ్రహం రేగింది. ఒక కథనం ప్రకారం ప్రవక్త (సఅసం) హజ్రత్ ఖాలిద్ (రజి) ను పంపి, తొందరపడకుండా విచారించమన్నారు. ఆయన వెళ్లి చూస్తే అక్కడ అజాన్ వినిపిస్తోంది, నమాజు జరుగుతోంది. ఒక్క కబురు మీద ఒక సైన్యం కదలవలసి ఉండింది.

ఇది ఎప్పటి సంగతో అనుకోకండి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకారు ఫోన్ల ద్వారా దేశమంతా పాకింది. ఆ మే నెలలో, రమజాను రోజుల్లోనే, హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట వద్ద ఒక హిజ్రాను అల్లరిమూక ఆ అనుమానంతోనే కొట్టి చంపింది. ఆ మూకలో ఎవరెవరు ఉన్నారో కోర్టులు చూసుకుంటాయి. ఆ రోజుల్లో ఆ పుకారును మన ఫోన్ల నుంచి ఎందరం ముందుకు పంపామో మనకే తెలుసు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఇదే అనుమానంతో మరో ఐదుగురిని చంపారు. ఆ తరువాత వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువ చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పరిమితం చేసింది. అయితే ఐదు చోట్లకు పంపేవాడు ఆరోసారి కూడా వేలు కదపగలడు.

మరి వాదమే మానుకోవాలా? తన పక్షాన సత్యం ఉన్నా జగడాన్ని వదులుకున్నవానికి స్వర్గంలో ఇల్లు వాగ్దానం చేసే హదీసు అబూ దావూద్‌లో ఉంది. కానీ చట్టం మన ఇళ్ల మీద, మన పిల్లల చదువుల మీద, మన వ్యాపారాల మీద పనిచేస్తున్నప్పుడు దాని గురించి మాట్లాడకుండా ఉండటం కూడా బాధ్యత కాదు. వదలవలసినది జగడాన్ని, చర్చను కాదు. ఈ రెంటినీ వేరు చేయడానికి ఇమామ్ గజాలీ (రహ్మలై) మాటలు ఉపకరిస్తాయి. ఆయన బాగ్దాద్‌లోని నిజామియా మద్రసాలో బోధించిన మహావాది. వజీరు నిజాముల్ ముల్క్ సభలో వాదాలు గెలిచినవారు. అటువంటి వ్యక్తి క్రీ.శ. 1095లో ఆ పదవిని వదిలి వెళ్లిపోయారు. తరువాత రాసిన ఇహ్యా ఉలూమిద్దీన్‌లోని కితాబుల్ ఇల్మ్‌లో వాదానికి ఎనిమిది నియమాలు పెట్టారు.

ఎనిమిదీ చెప్పను. మన ఫోన్లకు తగిలే మూడు చాలు. అంతకన్నా అత్యవసరమైన విధి ఎదురుగా ఉన్నప్పుడు వాదంలో కూర్చోకూడదు. ఇంట్లో జబ్బుపడ్డ తల్లి ఉండగా గ్రూపులో రాజ్యాంగం చర్చించేవారికి ఇది వర్తిస్తుంది. రెండవది, నిండు సభలోకన్నా ఏకాంతంలో వాదించడం అతనికి ఇష్టంగా ఉండాలి. ఎందుకంటే ఏకాంతంలో బుద్ధి నిలకడగా ఉంటుంది, జనం ఎదుట ప్రతిష్ఠ మేల్కొంటుంది. రెండు వందలమంది చూస్తున్న గ్రూపులో తన తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో, అదే మనిషికి విడిగా ఫోను చేస్తే ఎంత సులభమో అనుభవం ఉన్నవారికి తెలుసు. మూడవది, సత్యాన్ని వెతికేవాడు తప్పిపోయిన పశువును వెతికేవానిలా ఉండాలి. అది తనకు దొరికినా, తోడు వచ్చినవానికి దొరికినా అతనికి ఒకటే సంతోషం.

మా గ్రూపు సంగతి చెప్పి ముగిస్తాను. జనాజా జరిగిన మూడు రోజులకు, ఇంటర్ చదివే ఒక అబ్బాయి అసర్ నమాజు తరువాత నా దగ్గరకు వచ్చి ఫోనులో ఆ తీర్పు చూపించాడు. 'హజ్రత్, ఆ సెక్షన్ అసలు లేదు కదా!' అన్నాడు. ఇద్దరం కలిసి, ఆ సందేశాన్ని మొదట పంపిన పెద్దాయన ఇంటికి వెళ్లాం. గ్రూపులో ఎవరూ అడగని ప్రశ్నను అబ్బాయి అక్కడ అడిగాడు: 'చాచా, ఇది మీకు ఎవరు పంపారు?' ఆయన చాలాసేపు ఫోను కిందికి మీదికి జరిపారు. బంధువు ఒకరు పంపారు. ఆ బంధువుకు ఫోను చేస్తే, తనకు ఎవరో పంపారన్నాడు. అంతటితో దారి తెగిపోయింది.

అడ్మిన్ సోదరుడు ఆ సాయంత్రమే గ్రూపును మళ్లీ తెరిచారు. పెద్దాయన అందులో మొదటి సందేశం తానే రాశారు. ఆ మాటకు తన దగ్గర మూలం లేదని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, తన వల్ల మనస్సు నొచ్చినవారు మన్నించాలని. అప్పటి నుంచి మా గ్రూపులో ఎవరైనా చట్టం గురించో, జబ్బు గురించో, పిల్లల దొంగల గురించో ఏదైనా పంపితే, ఆ అబ్బాయి రెండే మాటలు రాస్తాడు: 'నఖ్లా? దావా?' కొందరికి అది విసుగు తెప్పిస్తుంది. ఫజ్ర్ నమాజు తరువాత సలాం మానుకున్న ఇద్దరిలో ఒకరు మాత్రం, మొన్న జవాబుగా తన సందేశాన్ని తానే తొలగించుకున్నారు.